కాలిఫోర్నియా రాంచోలు: పట్టాలు ఉన్నవాళ్ళ భూములు ఎలా పోయాయి?

మిల్పిటాస్_మాధవి:
అందరికీ నమస్కారం. మిల్పిటాస్‌లో పీడ్‌మాంట్ రోడ్డు దగ్గర హోసే మరియా అల్విసో ఉన్న పాత మట్టి ఇటుకల ఇల్లు ఇంకా నిలబడే ఉంది. 1835లో మెక్సికో ప్రభుత్వం ఆయనకు ఇచ్చిన రాంచో (పశువులు మేపుకునే పెద్ద భూమి) పేరే మిల్పిటాస్. మనం రోజూ తిరిగే చోట్లన్నీ ఇలాంటి పేర్లే: బెర్రియెస్సా, అల్విసో, పెరాల్టా, బెర్నాల్, వయేహో. ఒక్కో కుటుంబానికి వేల ఎకరాలు ఉండేవి. 1848లో కాలిఫోర్నియాను అమెరికాకు అప్పగిస్తూ అమెరికా, మెక్సికో చేసుకున్న గ్వాడలూపే హిదాల్గో ఒప్పందంలో ఇక్కడి మెక్సికన్ల ఆస్తులకు రక్షణ ఉంటుందని రాశారు కూడా. అయినా ఒక తరం తిరిగేసరికి చాలామంది చేతిలో ఏమీ మిగల్లేదు. బలవంతంగా లాక్కున్నారా? అమ్ముకున్నారా? కోర్టులో ఓడిపోయారా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

చరిత్ర_వాసు:
మాధవి గారూ, మీరు అడిగిన మూడూ జరిగాయి. కానీ వాళ్ళలో ఎక్కువమంది కేసు గెలిచారు. గెలిచి కూడా భూమి పోగొట్టుకున్నారు. ఆ సంగతికి వచ్చే ముందు అసలు భూములు ఎలా వచ్చాయో చెప్తాను.

1784లో స్పెయిన్ తరఫు గవర్నర్ పెద్రో ఫాగెస్ తన దగ్గర పనిచేసిన పాత సైనికులకు పశువులు మేపుకోవడానికి భూములు ఇచ్చాడు. హువాన్ హోసే డొమింగెజ్, మాన్యుయెల్ నియెతో, హోసే మరియా వెర్డూగో మొదటివాళ్ళు. స్పెయిన్ ఉన్నంతకాలం ఇచ్చినవి ముప్పై వరకే. 1821లో మెక్సికో స్వతంత్రమైంది, 1824లో వలస చట్టం, 1828లో దాని నిబంధనలు వచ్చాయి. 1834 నుంచి మిషన్ల (స్పెయిన్ కాలంలో పెట్టిన క్రైస్తవ మత కేంద్రాల) ఆస్తులను చర్చి చేతిలోంచి తీసేశారు. ఆ మిషన్ల భూముల్లో సగం అక్కడ పనిచేసిన స్థానిక తెగలవాళ్ళకు చెందాలని నిబంధన. ఆచరణలో చాలావరకు అధికారులకు, వాళ్ళ బంధువర్గానికి వెళ్ళింది. 1846 నాటికి మంజూరైన రాంచోలు 800 దాకా ఉంటాయి. ఒక మనిషికి గరిష్ఠంగా 11 చదరపు లీగులు, అంటే 48 వేల ఎకరాల పైమాటే.

పశువుల తోళ్ళు, కొవ్వే ఆదాయం. బోస్టన్ నుంచి ఓడలు వచ్చి తోళ్ళు తీసుకుని బట్టలు, చెప్పులు, సామాన్లు ఇచ్చి వెళ్ళేవి. తోలునే కాలిఫోర్నియా నోటు అనేవాళ్ళు. రొక్కం చేతికి వచ్చేది చాలా తక్కువ. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత వాళ్ళ ప్రాణం తీసింది ఇదే.

డబ్లిన్_చైతన్య:
48 వేల ఎకరాలా! కంచెలు లేని కాలంలో హద్దులు ఎలా పెట్టుకునేవాళ్ళు?

రెవెన్యూ_మాస్టారు:
చైతన్యా, నేను సర్వే పనిలోనే రిటైరయ్యాను కాబట్టి ఈ విషయం చెప్పగలను. భూమి కావాల్సినవాడు గవర్నర్‌కు అర్జీ పెట్టుకోవాలి, దాంతోపాటు దిసేన్యో అనే చేతిపటం జతచేయాలి. బర్కిలీలోని బాన్‌క్రాఫ్ట్ లైబ్రరీ వాటిని ఆన్‌లైన్‌లో పెట్టింది, చూడండి. కొండలను చిన్న చిన్న గీతలతో, వాగులను వంకర గీతలతో వేశారు. ఓక్ చెట్లను ఒక్కొక్కటిగా బొమ్మ గీశారు, ఇంటికి ఒక చిన్న డబ్బా. కొన్నిట్లో కొలబద్ద ఉంటుంది, కొన్నిట్లో అదీ ఉండదు.

మంజూరయ్యాక ఊరి అధికారి చుట్టుపక్కల వాళ్ళను పిలిపించి భూమి స్వాధీనం చేసేవాడు. ఇద్దరు గుర్రపు రౌతులు, వాళ్ళ మధ్య ఎక్కువగా 50 వరాల పొడవు తాడు, రెండు కొసలకు కర్రలు. ఒక వరా అంటే సుమారు 33 అంగుళాలు. ఒకడు కర్ర నేలకు ఆనించి నిలబడితే రెండోవాడు గుర్రాన్ని ముందుకు పరుగెత్తించేవాడు. తాడు బిగిశాక వాడు ఆగుతాడు, వెనకున్నవాడు ముందుకు పోతాడు. రోజంతా అలా లెక్క పెట్టేవాళ్ళు. చివర్లో యజమాని గడ్డి పీకి, మట్టి తీసి నాలుగు దిక్కులా విసిరి, కొమ్మలు విరిచి ఇది నాదని చాటేవాడు. తడిస్తే సాగే తాడుతో, దౌడు తీసే గుర్రంతో కొలిచినదాన్ని ఏ సర్వేయరూ ఒప్పుకోడు. కానీ పదిమైళ్ళకు ఒక ఇల్లున్న చోట అది చాలు. చెక్కుబందీలో రాసింది ఓ చెట్టు, ఓ బండ, ఓ వాగు. ఆ చెట్టు ఏదో ఇరుగుపొరుగుకు తెలుసు. దేశం మారి, కొత్తవాళ్ళు వచ్చి కాగితం చూపించమన్నప్పుడు అదంతా సాక్ష్యానికి పనికిరాకుండా పోయింది.

అడ్వకేట్_సునీత:
మాస్టారు చెప్పినచోటే చట్టం పట్టుకుంది. ఒప్పందం మొదటి ప్రతిలో పదో అధికరణం ఉండేది, మెక్సికో ఇచ్చిన గ్రాంట్లన్నీ (భూమి మంజూరులన్నీ) చెల్లుతాయని. అమెరికా సెనేట్ దాన్ని కొట్టేసి మిగతాది ఆమోదించింది. ఆ తర్వాత ఇక్కడి పట్టాల మీద రెండు రిపోర్టులు వచ్చాయి. 1849లో హెన్రీ హాలెక్ చాలా పట్టాల్లో లోపాలున్నాయని రాశాడు. 1850లో విలియం కేరీ జోన్స్ చాలావరకు సరైనవే అన్నాడు. సెనేటర్ విలియం గ్విన్ మాట విని కాంగ్రెస్ 1851 మార్చి 3న చట్టం చేసింది.

ఆ చట్టం ప్రకారం ప్రతి యజమానీ రెండేళ్ళలో ముగ్గురు కమిషనర్ల ముందుకు వచ్చి తన భూమి తనదని నిరూపించుకోవాలి. రాకపోతే అది ప్రభుత్వ భూమి అయిపోతుంది. రుజువు చేసుకోవాల్సిన బాధ్యత పూర్తిగా యజమానిదే. కమిషన్ 1852 జనవరి నుంచి 1856 మార్చి దాకా శాన్ ఫ్రాన్సిస్కోలో కూర్చుంది. దక్షిణాన లాస్ ఏంజెలెస్‌కు వచ్చింది 1852లో ఒక్కసారే. మిగతా కేసులకు వందల మైళ్ళు ప్రయాణం చేసి, సాక్షులను వెంటబెట్టుకుని, భాష రాని ఆఫీసుకు వెళ్ళాలి. అక్కడ గెలిస్తే ప్రభుత్వం జిల్లా కోర్టుకు అప్పీలు వేసేది, అక్కడా గెలిస్తే వాషింగ్టన్ సుప్రీం కోర్టుకు. ఆ తర్వాత సర్వే, సర్వే మీద మళ్ళీ అభ్యంతరాలు.

దాఖలైన దావాలు 813. చివరికి 604 నిలబడ్డాయి. కానీ చేతికి పక్కా పట్టా రావడానికి సగటున 17 ఏళ్ళు పట్టింది. ఈ అంకె దగ్గరే అసలు కథంతా ఉంది. ఆ 17 ఏళ్ళూ లాయరు ఫీజు ఎవరు కట్టాలి? చాలామంది భూమిలో వాటా రాసిచ్చి కట్టారు. "కోర్టులో గెలిచినవాడు ఓడినట్టు, ఓడినవాడు చచ్చినట్టు" అని మనవాళ్ళు ఊరికే అనలేదు. పట్టాలు లోపాలమయం అని రాసిన హాలెక్కే తర్వాత శాన్ ఫ్రాన్సిస్కోలో ఈ యజమానుల తరఫున వాదించే పెద్ద లాయరయ్యాడు.

రెండేళ్ళ గడువు దాటిపోతే ఏ పట్టా అయినా అంతే. మెక్సికో చట్టం ప్రకారం ఏ లోపం లేని పట్టా ఉన్నా, కమిషన్ ముందుకు రాలేదు కాబట్టి చెల్లదని 1889లో డొమింగెజ్ కేసులో సుప్రీం కోర్టు తేల్చేసింది.

హ్యూస్టన్_కిరణ్:
సునీత గారూ, రెండోవైపు కూడా చూడాలి కదా. దొంగ పట్టాలు నిజంగానే ఉన్నాయి. హోసే లిమాంతూర్ అనే వ్యాపారి శాన్ ఫ్రాన్సిస్కోలో పెద్ద భాగం తనదని వచ్చాడు, కమిషన్ ఒప్పుకుంది కూడా. 1858లో కోర్టు అవి నకిలీవని కొట్టేసింది. అలాంటప్పుడు విచారణ లేకుండా ఎలా?

ఇంకోటి, వాళ్ళు డబ్బు మంచినీళ్ళలా ఖర్చుపెట్టారు. బంగారం కోసం జనం వచ్చిపడ్డాక గొడ్ల ధరలు ఆకాశానికి ఎగిరాయి, ఆ ఊపులో అప్పులు చేశారు. 1852లో లాస్ ఏంజెలెస్‌లో హోసే సెపూల్వెదా గుర్రానికీ పియో పికో గుర్రానికీ తొమ్మిది మైళ్ళ పందెం పెట్టారు. వేల డాలర్లు, వందల పశువులు ఒడ్డారు. సెపూల్వెదా గుర్రం గెలిచింది. పన్నెండేళ్ళకు, 1864లో, అదే సెపూల్వెదా శాన్ హోకీన్ రాంచోను 18,000 డాలర్లకు అమ్ముకున్నాడు. ఎకరం అర డాలరు కూడా పడలేదు. కొన్నవాళ్ళలో జేమ్స్ ఇర్వైన్ ఒకడు, ఇప్పటి ఇర్వైన్ ఊరికి పేరు అతనిదే. దీనికి చట్టాన్ని ఎలా తప్పుబడతాం?

చరిత్ర_వాసు:
కిరణ్, లిమాంతూర్ లాంటివాళ్ళను పట్టుకోవాల్సిందే. అనుమానం ఉన్న పట్టా మీద ప్రభుత్వం కేసు వేసి ఉంటే సరిపోయేది. ముప్పై ఏళ్ళుగా సాగులో ఉన్న కుటుంబాన్నీ, నిన్న కాగితం పుట్టించినవాడినీ ఒకే బోనులో నిలబెట్టింది ఈ చట్టం.

దుబారా సంగతికి ఒక లెక్క చూపిస్తాను. మొదట చెప్పిన వెర్డూగో గుర్తున్నాడు కదా? ఇప్పటి గ్లెన్‌డేల్, బర్‌బ్యాంక్‌లో కొంత భాగం ఆయన రాంచో శాన్ రఫాయెల్, 36 వేల ఎకరాలు. కొడుకు హూలియో వెర్డూగో 1861లో దాన్ని తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు 3,445 డాలర్లు. వడ్డీ నెలకు నూటికి మూడు, మన ఊళ్ళ లెక్కలో మూడు రూపాయల వడ్డీ. చక్రవడ్డీ. 1869 నాటికి అది 58,750 డాలర్లయింది. కావాలంటే లెక్కేసుకోండి, 96 నెలలకు అసలు పదిహేడు రెట్లవుతుంది. భూమి వేలానికి వచ్చింది, 1871లో కోర్టు దాన్ని అప్పులవాళ్ళకు, లాయర్లకు, కొన్నవాళ్ళకు ముక్కలు చేసి పంచింది. ఏ గుర్రప్పందెం వల్ల పోయింది ఇది?

అప్పు ఎందుకు చేయాల్సి వచ్చిందో కూడా చూడాలి. మెక్సికో కాలంలో భూమి మీద ఏటా రొక్కంలో కట్టే పన్ను లేదు. అమెరికా రాష్ట్రం అయ్యాక వచ్చింది. ప్రభుత్వ భూముల్లో బంగారం తవ్వుకునేవాళ్ళకు భూమి పన్ను లేదు, దక్షిణాన పశువులు మేపేవాళ్ళ మీద బరువంతా పడింది. పట్టా తేలని భూమికి కూడా పన్ను కట్టాల్సిందే. 1861 చివర్లో, 1862 మొదట్లో మహా వరదలు వచ్చాయి. వెంటనే రెండేళ్ళు చినుకు లేదు. గడ్డి మొలవలేదు. గొడ్లు గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. బతికున్నవాటిని తోలు కోసం చంపి అమ్మారు.

ఆబెల్ స్టెర్న్స్ సంగతి చూడు. మాసచూసెట్స్‌లో పుట్టిన అమెరికన్, ఇంగ్లీషు చదువు, లెక్కలు వచ్చిన వ్యాపారి, లాస్ ఏంజెలెస్‌లో అందరికన్నా ధనవంతుడు. ఆ కరువుకు ఆయన కూడా తాకట్టు పెట్టిన లాస్ అలమితోస్ రాంచోను పోగొట్టుకున్నాడు. ఆయన్ను ఎవరూ సోమరి అనలేదు. మెక్సికన్ల విషయంలో మాత్రం విలాసాల వల్లే చెడ్డారు అని రాసిపెట్టారు. ఆ మాట నాకు ఎప్పుడూ బాధగా ఉంటుంది.

ఓక్లాండ్_ప్రసాద్:
మా ఊరి కథ ఇంకో రకం. 1820లో లూయిస్ మరియా పెరాల్టాకు ఇచ్చిన శాన్ అంతోనియో రాంచో సుమారు 44,800 ఎకరాలు. ఓక్లాండ్, బర్కిలీ, అలమీడా అన్నీ దాంట్లోనే. 1842లో నలుగురు కొడుకులకు పంచాడు. 1850లో హొరేస్ కార్పెంటియర్, ఎడ్సన్ ఆడమ్స్, ఆండ్రూ మూన్ అనే ముగ్గురు విసెంతే పెరాల్టా వాటాలో దిగి, అది ప్రభుత్వ భూమి అన్నట్టుగా ప్లాట్లు వేసి అమ్మడం మొదలుపెట్టారు. పెరాల్టాల చెట్లు నరికారు, గొడ్లను చంపి మాంసం శాన్ ఫ్రాన్సిస్కోలో అమ్ముకున్నారు. 1852లో అక్కడ ఊరు ఏర్పడినట్టు చట్టసభలో ఆమోదం తెచ్చుకున్నారు. ఆ ఊరి తీరం మొత్తాన్ని కార్పెంటియర్‌కు రాసిచ్చారు. 1854లో ఓక్లాండ్ మొదటి మేయరు ఆయనే. పెరాల్టాలు సుప్రీం కోర్టు దాకా వెళ్ళి గెలిచారు. గెలిచేసరికి వాళ్ళ పొలం మీద ఊరు లేచింది. ఫ్రూట్‌వేల్‌లో అంతోనియో పెరాల్టా 1870లో కట్టిన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. పిల్లల్ని తీసుకెళ్ళండి.

మిల్పిటాస్_మాధవి:
ఇంత జరుగుతుంటే రాష్ట్ర ప్రభుత్వం ఏం చేసింది ప్రసాద్ గారూ?

అడ్వకేట్_సునీత:
ఆక్రమించినవాళ్ళ వైపు నిలబడింది అక్కా. వాళ్ళకు ఓట్లు ఎక్కువ. పక్కా పట్టా రానంతవరకు భూమిని ప్రభుత్వ భూమిగానే భావించాలని 1856లో చట్టం చేశారు. యజమాని గెలిచినా, ఆక్రమించినవాడు వేసిన కంచెకు, కట్టిన ఇంటికి డబ్బు ఇచ్చి ఖాళీ చేయించుకోవాలి. 1857లో రాష్ట్ర సుప్రీం కోర్టు దాన్ని కొట్టేసింది. 1859లో అంతోనియో మరియా పికోతో పాటు దాదాపు యాభైమంది సంతకాలు చేసి వాషింగ్టన్‌కు అర్జీ పంపారు. ఒప్పందంలో మాకు మాటిచ్చారు, ఇప్పుడు వడ్డీలకు, లాయర్లకు భూములు రాసిస్తున్నాం అని అందులో మొరపెట్టుకున్నారు. ఫలితం రాలేదు.

నెల్లూరు_భారతి:
అందరూ రాంచో యజమానుల గురించే రాస్తున్నారు. ఆ గొడ్లను కాచింది ఎవరు? కూలి డబ్బు లేకుండా తిండికి, బట్టకు పనిచేసినవాళ్ళు ఒలోని, టోంగ్వా, చుమాష్ తెగలవాళ్ళు. భూమి అసలు వాళ్ళది. మిషన్ భూముల్లో వాటా ఇస్తామని చెప్పి ఇవ్వకుండా, అదే భూమి మీద వాళ్ళను పాలేర్లుగా పెట్టుకున్నది ఈ కుటుంబాలే. అది మర్చిపోయి వాళ్ళకోసం కన్నీళ్ళు పెట్టడం నాకు న్యాయం అనిపించదు.

అమెరికా వచ్చాక ఇంకా ఘోరం. 1851, 1852లో తెగల పెద్దలతో 18 ఒప్పందాలు రాయించుకున్నారు, సెనేట్ వాటిని తిరస్కరించి 1905 దాకా బయటపెట్టలేదు. శాన్ డియెగో దగ్గర వార్నర్ రాంచోలో కుపేన్యో తెగ ఎప్పటినుంచో వేడినీటి ఊటల దగ్గర ఊరు కట్టుకుని ఉంది. 1851 చట్టం ప్రకారం రెండేళ్ళలో దావా వేయలేదు కాబట్టి హక్కు లేదని 1901లో సుప్రీం కోర్టు చెప్పింది. 1903లో బండ్లెక్కించి పాలా లోయకు తరలించారు. అలాంటి కమిషన్ ఒకటుందని వాళ్ళకు చెప్పినవాళ్ళు ఎవరు?

చరిత్ర_వాసు:
భారతి గారు చెప్పింది అక్షరాలా నిజం. ఒకే చట్టం ఇద్దరినీ తొక్కింది, తెగలను ఇంకా లోతుకు. మొదట్లో గ్రాంటు దొరికిన స్థానికులు కొందరున్నారు. లాస్ ఆల్టోస్ కొండల్లో లా పురీసిమా కన్సెప్సియోన్ రాంచోను 1840లో హోసే గోర్గోనియో అనే ఒలోని మనిషికి ఇచ్చారు. 1844లో దాన్ని కొన్నది హువానా బ్రియోనెస్. చదవడం, రాయడం రాదు. తాగి కొట్టే భర్త నుంచి విడిపోయి, పాలు, కూరగాయలు అమ్మి, నాటు వైద్యం చేసి సంపాదించిన మనిషి. కమిషన్ ముందు నిలబడి తన భూమి నిలబెట్టుకుంది. 1889లో చనిపోయింది. పాలో ఆల్టోలో ఆమె ఇంటిని 2011లో కూలగొట్టేశారు. కోర్టులు తిరిగి ఆపడానికి చాలామంది ప్రయత్నించారు, నిలబడలేదు.

ఫ్రీమాంట్_శ్రీధర్:
ఒక పోలిక చెప్తాను, చట్టం ఎలా పనిచేసిందో తెలుస్తుంది. అమెరికా సైనికాధికారి జాన్ ఫ్రీమాంట్ 1847లో లాస్ మరిపోసాస్ గ్రాంటును 3,000 డాలర్లకు కొన్నాడు. అమ్మిన హువాన్ అల్వరాదో అక్కడ ఒక్కరోజూ కాపురం పెట్టలేదు, హద్దులు కొలిపించలేదు. పది లీగులు ఎక్కడ తీసుకోవాలో కూడా తేలని గ్రాంటు అది. అక్కడ బంగారం దొరికింది. సుప్రీం కోర్టు ఒప్పుకుంది, హద్దులు గనులవైపు జరిగాయి, 1856లో పట్టా వచ్చేసింది.

మరియానో వయేహో సంగతి చూడండి. అమెరికాలో కలవడమే మంచిదని నమ్మినవాడు. 1846 జూన్‌లో బేర్ ఫ్లాగ్ తిరుగుబాటుదారులు (మెక్సికో పాలన మీద లేచిన అమెరికన్ వలసదారులు) ఇంటికొచ్చి పట్టుకెళ్ళి సట్టర్ కోటలో బంధించినా మనసు మార్చుకోలేదు. 1849లో రాష్ట్ర రాజ్యాంగ సభలో కూర్చున్నాడు. బెనీషియా, వయేహో ఊళ్ళున్న సోస్కోల్ గ్రాంటు చెల్లదని 1862లో సుప్రీం కోర్టు అంది. పెటలూమా రాంచోకు పట్టా వచ్చింది 1874లో. అప్పటికి అందులో ఆయనకు మిగిలింది శూన్యం. 1890లో సోనోమాలో చనిపోయేనాటికి ఇంటి చుట్టూ కొద్దిపాటి భూమి మాత్రమే ఉంది.

1846 జూన్ చివర్లో శాన్ రఫాయెల్ దగ్గర, చెరలో ఉన్న కొడుకును చూడటానికి పడవలో వస్తున్న ముసలాయన హోసే దె లోస్ రేయెస్ బెర్రియెస్సాను, ఆయనతో ఉన్న ఇద్దరు కవల కుర్రాళ్ళను కాల్చి చంపింది ఫ్రీమాంట్ దళం. మా ఊరికి ఫ్రీమాంట్ అనే ఆ పేరు ఉండటం నాకు మనసొప్పదు.

హ్యూస్టన్_కిరణ్:
శ్రీధర్ అన్నా, ఈ పోలిక నాకు తెలియదు. గుర్రప్పందెంలో ఓడిన పియో పికో చివరికి ఏమయ్యాడు?

అడ్వకేట్_సునీత:
మెక్సికో పాలనలో కాలిఫోర్నియాకు చివరి గవర్నర్ ఆయన. ఇంగ్లీషు రాదు. 1883లో బెర్నార్డ్ కోన్ అనే వ్యాపారి దగ్గర 62 వేల డాలర్ల పైచిలుకు తీసుకుని ఒక కాగితం మీద సంతకం చేశాడు. తనఖా పత్రం అనుకున్నాడు. అవతలివాళ్ళు అది క్రయపత్రం అన్నారు. ఏళ్ళ తరబడి కేసు నడిచింది. సాక్షికి లంచమిచ్చి అబద్ధం చెప్పించారని తర్వాత బయటపడింది. అయినా తుది తీర్పు వచ్చాక, సాక్షి అబద్ధం చెప్పాడన్న కారణంతో తిరగదోడలేమని 1891లో రాష్ట్ర సుప్రీం కోర్టు చెప్పింది. తొంభై ఏళ్ళ మనిషిని ఇంట్లోంచి వెళ్ళగొట్టారు. 1894లో ఒకరి పంచన ఉంటూ పోయాడు. ఆ తీర్పును ఇప్పటికీ లాయర్లు కోర్టుల్లో ఉదహరిస్తారు.

డబ్లిన్_చైతన్య:
భూమి నిలబెట్టుకున్న పెద్ద కుటుంబం ఒక్కటీ లేదా?

చరిత్ర_వాసు:
ఉంది. లాస్ ఏంజెలెస్ దక్షిణాన డొమింగెజ్‌లు (సునీత గారు చెప్పిన డొమింగెజ్ కేసు వేరే రాంచోది). శాన్ పెద్రో రాంచోకు 1858లోనే పట్టా వచ్చింది. మాన్యుయెల్ డొమింగెజ్ కూతుళ్ళ వారసుల కంపెనీలకు అక్కడ ఇప్పటికీ ఆస్తులున్నాయి. అదే మాన్యుయెల్ 1849 రాజ్యాంగం మీద సంతకం చేసినవాడు. 1857లో శాన్ ఫ్రాన్సిస్కో కోర్టులో సాక్ష్యం చెప్పబోతే, ఒంట్లో ఇండియన్ (అంటే స్థానిక తెగల) రక్తం ఉంది కాబట్టి పనికిరాడని జడ్జి దింపేశాడు.

అల్బుకర్కీ_రాజు:
న్యూ మెక్సికో గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా. ఇక్కడ గ్రాంట్లు చాలావరకు ఊరుమ్మడివి. ఇంటికి, సాగుకు చిన్న చెక్క ఎవరిది వాళ్ళకు, కొండ, అడవి, మేత భూమి ఊరందరిదీ. వీటికోసం కోర్టు పెట్టిందే 1891లో. 1897లో శాండోవల్ కేసులో సుప్రీం కోర్టు ఉమ్మడి భూమి ఊరిది కాదు, సర్కారుది అని చెప్పింది. మేత లేని చోట పదెకరాల చెక్కతో ఎవరు బతుకుతారు? దానికి ముందే థామస్ కాట్రన్ లాంటి లాయర్లు ఫీజు కింద లక్షల ఎకరాలు పోగేసుకున్నారు. 1889, 1890లో లాస్ వేగాస్ ఊరి చుట్టుపక్కల (ఇది న్యూ మెక్సికోలోది) తెల్ల ముసుగులేసుకుని రాత్రిపూట కంచెలు తెంపిన గోరాస్ బ్లాంకాస్ ఈ కోపంలోంచే పుట్టారు. 1967 జూన్ 5న టియెర్రా అమరియా కోర్టు మీద రేయెస్ లోపెజ్ తిహెరీనా మనుషులు దాడిచేసింది కూడా ఆ పాత గ్రాంటు గొడవ మీదే.

నా పక్కింటి పెద్దాయన ఇప్పటికీ గ్రాంటు మీటింగులకు వెళ్తాడు. 2004లో రాష్ట్రం ఈ ఊరుమ్మడి గ్రాంట్లను స్థానిక పాలనా సంస్థలుగా గుర్తించింది.

మిల్పిటాస్_మాధవి:
వాషింగ్టన్ ఏమైనా చేసిందా రాజు గారూ?

అల్బుకర్కీ_రాజు:
అదే సంవత్సరం జూన్‌లో కాంగ్రెస్ తరఫున ఆడిట్ ఆఫీసు పెద్ద రిపోర్టు ఇచ్చింది. అప్పటి చట్టాల ప్రకారం చూస్తే విచారణ తప్పు కాదని, కానీ జనానికి అది భారంగా, గందరగోళంగా నడిచిందని రాసింది. ఏం చేయవచ్చో కొన్ని దారులు చూపించింది, ఏమీ చేయకపోవడం కూడా వాటిలో ఒకటి. భూమి తిరిగిచ్చే చట్టం రాలేదు. ఊళ్ళు కోల్పోయిన కొండల్లో చాలా భాగం ఇవాళ నేషనల్ ఫారెస్టు. అక్కడ గొడ్లు మేపుకోవాలన్నా, కట్టెలు కొట్టుకోవాలన్నా వాళ్ళు ఫారెస్టు ఆఫీసులో పర్మిట్ తీసుకోవాలి.